ఆదివారం బస్సు

మా బోస్టన్‌లో అద్దె ఇళ్ళ ఒప్పందాలన్నీ దాదాపు ఒక్క రోజే ముగుస్తాయి. ఆగస్టు ముప్ఫై ఒకటిన సగం ఊరు మూటాముల్లే సర్దుకుంటుంది, సెప్టెంబరు ఒకటిన ఇంకో గడపలో దిగుతుంది. ఆ రోజు వీధుల నిండా పరుపులు, కుర్చీలు, కాలు విరిగిన బల్లలు. ఎవరికి కావలసింది వాళ్ళు పట్టుకుపోవచ్చు. మా వంటింటి బల్ల అలా దొరికిందే. డెల్లా చదువుకునే దీపం కూడా అలా దొరికిందే. పదకొండేళ్ళలో నేను ఆరు ఇళ్ళు మారాను. ఎన్ని మారినా నాలుగు వీధులు దాటలేదు, సామాను చేతుల మీద మోసుకుపోయేంత దూరమే.

తొంభై ఆరు వేసవిలో మాత్రం అద్దెలు అందక ఊరే మారాల్సి వచ్చింది. మే నెలలో ఒక సాయంత్రం ఇంటాయన పెట్రిల్లో మెట్ల మీద ఎదురై, ఒక కాగితం నా చేతిలో పెట్టి, తల వంచుకుని వెళ్ళిపోయాడు. మంచివాడే పాపం, కొడుకు చెప్పినట్టు చేస్తున్నాడు. పెంచిన అద్దె అంకెని నమ్మలేక ఆ కాగితాన్ని రెండుసార్లు కళ్ళకి ఆనించుకుని చదివాను.

కళ్ళకి ఆనించుకుని అన్నది మాటవరసకి కాదు. నాకు చిన్నప్పట్నుంచీ చూపు తక్కువ. దగ్గరగా పెట్టుకుంటే చదవగలను. ఆసుపత్రి వంటింట్లో రోగుల పళ్ళేలు సర్దే పని చేసేదాన్ని. ఎవరికి ఉప్పు లేని సూపు, ఎవరికి చక్కెర లేని జెల్లీ అన్నది చీటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి సర్దేసేదాన్ని. పదమూడేళ్ళలో ఒక్క పళ్ళెం తప్పు పోలేదు. అయితే ఏం, కారు నడపడానికి లైసెన్సు ఇవ్వరు. మా దేశంలో కారు లేదంటే ఎవరూ జాలిపడరు, సలహా ఇస్తారు. "ఒకటి కొనుక్కోరాదూ?" అంటారు. మొదట్లో వివరంగా చెప్పేదాన్ని. తర్వాత ఓపిక తగ్గి, "అలాగేనండీ, కొంటాను" అనడం నేర్చుకున్నాను.

దూరంగా ఉన్నవి చదవడానికి నాకు డెల్లా ఉంది. నా కూతురు. ఆ వేసవికి దానికి పదేళ్ళు నిండాయి. అది అంకెలు నేర్చుకున్నది బళ్ళో కాదు, బస్సుల నెత్తిన. వీధి చివర బస్సు మలుపు తిరుగుతుండగానే, "మనది కాదమ్మా", "మనదే, లే" అని చెప్పేది. నేను సంచీ ఎత్తుకుని లేచేదాన్ని. అది ఏం చెబితే అదే. ఏనాడూ తప్పు చెప్పలేదు.

ఈ ఏర్పాటు మా ఆడపడుచు లోరైన్‌కి గిట్టేది కాదు. ఆవిడ తమ్ముడు నన్నూ పిల్లనీ వదిలేసి ఫ్లోరిడా వెళ్ళిపోయాడు గానీ, ఆవిడ మాత్రం మమ్మల్ని వదల్లేదు. ఊరి బయట పెద్ద ఇల్లు, వెనక తోట, పడవంత కారు. పిల్లల్లేరు. పండగలకి లసాన్యా పళ్ళెం మోసుకుని మా మూడో అంతస్తు ఎక్కి వచ్చేది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా నాకు కారణం దొరికేది కాదు.

ఆ జనవరిలో ఒక ఆదివారం హఠాత్తుగా మంచు పడింది. నేను డ్యూటీలో ఉన్నాను, బస్సులు ఆగిపోయాయి. నేను నడుచుకుంటూ ఇంటికి చేరేసరికి మూడు గంటలు ఆలస్యం. డెల్లా తాళంచెవి లోపల మరిచిపోయి, వీధి మెట్ల మీద ఆ మంచులోనే కూర్చుంది. ఎదురింటివాళ్ళు చూసి లోరైన్‌కి ఫోన్ చేశారట. నేను వచ్చేసరికి ఆవిడ కారులో వేడి పెట్టి, పిల్ల కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని రుద్దుతోంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

పెట్రిల్లో కాగితం సంగతి విన్నాక జూన్‌లో వచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని అప్పుడంది. "నువ్వు ఏ ఊరైనా వెళ్ళు, ఐలీన్. ఆదివారం కూడా బస్సు నడిచే ఊరైతే నేను నోరెత్తను. ఆగస్టు నెలాఖరులోగా అలాంటిది దొరక్కపోతే మాత్రం, బళ్ళు తెరిచేసరికి పిల్ల నా దగ్గరుంటుంది. నువ్వు కుదురుకున్నాక తీసుకెళ్ళు. పంతం కాదే తల్లీ. ఆ రోజు దాని కాళ్ళు నువ్వు చూళ్ళేదు, నేను చూశాను."

సరేనన్నాను. డెల్లా సింకు దగ్గర ఒక్క కప్పు కడుగుతోంది. ఆ ఒక్క కప్పూ చాలాసేపు కడిగింది.

అలా మొదలైంది మా ఊళ్ళ వేట. నాకు సెలవున్న ఆదివారాల్లో పొద్దున్నే రైలో, పెద్ద బస్సో ఎక్కేవాళ్ళం. వెన్న రాసిన రొట్టెలు, రెండు ఆపిల్ పళ్ళు, నా భూతద్దం సంచీలో. సోమవారం నాడు ఏ ఊరైనా పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు ముస్తాబై కనిపిస్తుంది. బస్సులు వరసగా వస్తాయి, దుకాణాలు తెరిచి ఉంటాయి. కారు లేనివాళ్ళు ఊరిని చూడాల్సింది ఆదివారం.

డన్‌బ్రుక్‌లో ఆదివారం బస్సు ఉంది. అద్దె కూడా మాకు అందేదే. ఇల్లు చూపించినావిడ బడి ఎంతో దూరం లేదని, అయిదు నిమిషాలేనని చెప్పింది. వెళ్ళి చూద్దుము కదా, మధ్యలో ఆరు వరసల రహదారి. కాలిబాట లేదు. దాటడానికి సిగ్నల్ దీపం లేదు. ఆవిడ చెప్పినవి కారు నిమిషాలు. ఆ రోడ్డు పక్క గడ్డిలో నిలబడి పావుగంట కార్లు చూసి, రొట్టెలు తిని, వెనక్కి వచ్చేశాం.

టాల్‌మన్ బాగుంది. సరస్సు, చెట్లు, బడి పక్క వీధిలోనే. బస్సు కూడా చెప్పిన సమయానికి వచ్చింది. నేను సంతోషం ఆపుకోలేక డ్రైవరుతో, ఇక్కడికే వచ్చేస్తున్నామని చెప్పేశాను. పెద్దాయన. అద్దంలో మా ఇద్దర్నీ చూసి, బండి పక్కకి ఆపాడు.

"ఈ బస్సుని చూసి ఇల్లు తీసుకోకమ్మా," అన్నాడు. "ఇది సరస్సుకొచ్చే జనం కోసం వేసింది. సెప్టెంబరు దాటితే ఆదివారం నేను ఇంట్లోనే ఉంటాను."

ఆయనకి దండం పెట్టాలో తిట్టాలో తెలియలేదు. తిరుగు ప్రయాణంలో డెల్లా నా భుజం మీద తల పెట్టుకుని, ఇంకెన్ని ఆదివారాలున్నాయని అడిగింది. ఒకటే ఉందన్నాను. నెలాఖరు ఆదివారం నాకు డ్యూటీ. ఆ వేసవి అంతా నాకు గుర్తున్నది కాళ్ళ నొప్పే. మడమల దగ్గర మొదలై నడుము దాకా పాకేది, పడుకున్నా పోయేది కాదు.

మూడో ఊరు హార్లో ఫాల్స్. అక్కడి ఆసుపత్రి వంటింటి పెద్ద ఫోన్లోనే పని ఇస్తానంది. కొత్తవాళ్ళకి మాత్రం ప్రతి ఆదివారం డ్యూటీ తప్పదంది. ఇల్లు చెప్పుల దుకాణం పైన రెండు గదులు. ఇంటావిడ వోజ్నిక్ ముసలమ్మ కిందనే వెనక భాగంలో ఉంటుంది. మమ్మల్ని చూడగానే గసగసాల రొట్టె కోసి పెట్టి, ఇంటి గురించి తర్వాత మాట్లాడుదురు గాని ముందు తినండి అంది. బడి రెండు వీధుల అవతల. గ్రంథాలయం మూలమీద. కిటికీ లోంచి నది చప్పుడు వినిపిస్తోంది. నాకు కనబడనిది డెల్లా చెప్పింది, నీళ్ళలో బాతులున్నాయని, ఒకటి తెల్లదని. దాని గొంతులో అంత ఉత్సాహం విని ఎన్నాళ్ళయిందో.

ఆసుపత్రి నది అవతల, మూడు మైళ్ళు. బస్సు ఆగే స్తంభం ఆ ఇంటి కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంది. దిగి వెళ్ళాం. ఆ బస్సుల సమయాల కాగితం ఎత్తుగా, మాసిపోయిన అద్దం వెనక ఉంది. నేను మునివేళ్ళ మీద లేచి భూతద్దం పెట్టినా మసకగా గీతలు తప్ప ఏమీ ఆనలేదు.

"చదువు," అన్నాను.

డెల్లా పక్కనున్న రాతి దిమ్మ ఎక్కింది. "సోమవారం నుంచి శుక్రవారం దాకా అరగంటకొకటి. శనివారం గంటకొకటి." ఆగింది.

"ఆదివారం?"

"ఆదివారం కూడా గంటకొకటి."

"మరి ఏదీ?"

"ఇప్పుడే వెళ్ళిపోయుంటుందమ్మా. ఆసుపత్రి దాకా నడిచి చూద్దామా? ఎంతో దూరం ఉండదు."

ఆ పొద్దున్న వాన పడి వెలిసింది. స్తంభం పక్క బల్ల మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి, ఎవరూ కూర్చున్న జాడ లేదు. ఎదురుగా చర్చి అప్పుడే వదిలారు. ఏ ఊళ్ళోనైనా ఆదివారం బస్సుంటే, చర్చి వదలగానే చేతిసంచీలు పట్టుకున్న ముసలమ్మలు ఇద్దరో ముగ్గురో స్తంభం దగ్గరికి చేరతారు. ఇక్కడ అందరూ కార్ల వైపే నడిచారు. తలుపులు వేసుకున్న చప్పుళ్ళు ఒకదాని వెంట ఒకటి వినిపించాయి. తర్వాత వీధి ఖాళీ అయిపోయింది. బస్సుల మీద బతికేవాళ్ళకి ఇలాంటివి కళ్ళు లేకపోయినా తెలుస్తాయి. వోజ్నిక్ ముసలమ్మని ఒక్క మాట అడిగితే సరిపోయేది. నేను చేతిరుమాలు తీసి బల్ల తుడుచుకుని కూర్చున్నాను, బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాను, ఇక నడుద్దాం పద అన్నాను. సాయంత్రం రైలెక్కే ముందు ముసలమ్మ చేతిలో అడ్వాన్సు పెట్టేశాను.

ఆ ఏడు సెప్టెంబరు ఒకటి ఆదివారం పడింది. మమ్మల్ని దింపడానికి లోరైనే వచ్చింది. మా వీధిలో అడుగు పెట్టే సందు లేదు, అన్నీ లారీలు, పరుపులు. ఆవిడ పడవంత కారులో మా బతుకంతా పట్టేసింది, వంటింటి బల్ల తప్ప. దాన్ని వీధిలో వదిలేశాను. మేము మలుపు తిరిగేలోపే ఎవరో దాని కాళ్ళు ఊపి చూస్తున్నారని డెల్లా చెప్పింది.

హార్లో ఫాల్స్‌లో సామాను పైకి చేర్చాక, లోరైన్ పంపులు తిప్పి చూసింది, కిటికీ గొళ్ళేలు చూసింది, బడి ఎంత దూరమో తానే నడిచి వచ్చింది. ఏదీ తప్పు పట్టలేదు. తర్వాత ఫ్లాస్కులో కాఫీ కప్పులోకి వంపుకుని, కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుంది.

"బస్సు ఎన్నింటికి?" అని అడిగింది.

"గంటకొకటి," అంది డెల్లా, అటు తిరిగి తువ్వాళ్ళు మడుస్తూ.

"అయితే ఒకటి చూసి వెళ్తాను. నా మనసు కుదుటపడుతుంది."

కూర్చుంది. నేను పళ్ళేలు అరల్లో సర్దాను. కింద చెప్పుల దుకాణం గడియారం ఒకసారి మోగింది. లోరైన్ రెండో కప్పు వంపుకుంది. డెల్లా మడిచిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడుస్తోంది. ఆ తువ్వాలు రంగు నాకు తెలుసు, ఆకుపచ్చ. ఆకుపచ్చ మచ్చ ఒకటి విచ్చుకుంటూ, ముడుచుకుంటూ ఉంది. గంట దాటింది. వీధిలో ఒక్క పెద్ద బండి చప్పుడు లేదు.

నాకు కోపం వచ్చింది. పిల్ల మీద ఎంత వచ్చిందో నా మీద అంతకు రెట్టింపు వచ్చింది. లోరైన్ గడియారం చూసుకుని నా వైపు తిరిగేలోపు నోటికొచ్చింది అనేశాను.

"అయ్యో, రేపు లేబర్ డే కదా. సెలవులకి బస్సులుండవు. ఇవాళా రేపూ లేవు. నేనే మరిచిపోయాను, నిన్ను అనవసరంగా కూర్చోబెట్టాను."

"ఓహో, అవును సుమా," అంది లోరైన్. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక బస్సెక్కిన పాపాన పోలేదు. ఎక్కనివాళ్ళకి బస్సుల గురించి ఏం చెప్పినా నమ్ముతారు. లేచి, కప్పు కడిగి బోర్లించి, పిల్లని గట్టిగా దగ్గరికి తీసుకుంది. మెట్లు దిగుతూ, వచ్చే ఆదివారం ఫోన్ చేస్తానంది.

కారు చప్పుడు దూరమయ్యేదాకా మేమిద్దరం కదల్లేదు. డెల్లా ఏదో అనబోయింది. ముందు దుప్పట్లు ఎక్కడున్నాయో వెతకమన్నాను. ఆ సాయంత్రమే కాదు, ఆ వారమంతా ఆ మాట మా మధ్యకి రాలేదు. సోమవారం పోయాక బస్సులు అరగంటకొకటి చొప్పున చక్కగా వచ్చాయి. నేను పనిలో చేరాను, అది బళ్ళో చేరింది.

మొదటి ఆదివారం డ్యూటీ ఏడింటికి. ఇంకా వెలుగు రాకముందే లేచాను. నేను ముఖం కడుక్కుని వచ్చేసరికి డెల్లా బూట్లు, కోటు వేసుకుని గడప దగ్గర కూర్చుని ఉంది. చేతిలో నా రొట్టెల పొట్లం. వోజ్నిక్ ముసలమ్మ దాన్ని నేను వచ్చేదాకా చూసుకుంటానంది, ఆవిడ లేచే వేళ కూడా కాలేదు.

"వంతెన దాకా వస్తాను," అంది.

నడిచాం. వీధి దీపాల కింద దాని నీడ ముందుకొచ్చేది, వెనక్కి పోయేది. కాలిబాట పగిలిన చోటల్లా నా మోచెయ్యి పట్టుకుని, "మెట్టు", "గుంట" అని చెబుతూ వచ్చింది. తపాలా ఆఫీసు దాటాక అంది.

"అక్కడ ఆదివారం అని అసలు రాయనే లేదమ్మా."

"ఊఁ."

"అత్త దగ్గరికి పంపేస్తావని."

"ఊఁ."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. ఆ స్తంభం దగ్గరే."

అది నడక ఆపేసింది. "మరి ఎందుకు అడగలేదు?"

ఏం చెప్పను? నిన్ను వదిలి ఉండలేక అని చెబితే నిజమే. కానీ అదొక్కటే నిజం కాదు. ఇంకో రైలు, ఇంకో ఊరు, ఇంకో కాగితం అంటే నా వల్ల కాలేదు. ఒక పదేళ్ళ పిల్ల అబద్ధం మీద తల వాల్చి కాసేపు సేదతీరాను. పెద్దదాన్ని నేను, ఆ బరువు దాని నెత్తిన పెట్టాను. మూడు వారాలు అది ఒక్కతే దాన్ని మోసింది.

"కాళ్ళ నొప్పులే," అన్నాను.

అది నా ముఖం వైపు చూసింది. ఎలా చూసిందో నాకు కనబడలేదు. మళ్ళీ మోచెయ్యి పట్టుకుంది.

వంతెన దగ్గర ఆగి, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నాకిచ్చింది. పెద్ద పెద్ద అక్షరాలు, నేను చదవగలిగేంత పెద్దవి, మందపు నల్ల పెన్నుతో. వారమంతా బడి అయ్యాక ముసలమ్మకి చెప్పి ఆ దారి నడిచి వచ్చిందట. వంతెన తర్వాత ఎడమ. మూడో దీపం దగ్గర గుంట. పెట్రోలు బంకు దగ్గర కాలిబాట అవతలి వైపుకి మారాలి, అక్కడ కార్లు ఆగవు, జాగ్రత్త. మొత్తం అరవై ఎనిమిది నిమిషాలు. అవి కారు నిమిషాలు కావు.

"ఇకమీదట నాకు లేనిది ఉందని చదవకు," అన్నాను. "ఏదైనా సరే. ఉన్నది ఉన్నట్టు చదువు. ఏం చెయ్యాలో నేను చూసుకుంటాను."

"సరే," అంది. నేను వంతెన దాటేదాకా అది అక్కడే నిలబడి ఉందని దాని గొంతు వల్ల తెలిసింది. "ఎడమకి, అమ్మా," అని అరిచింది, నేను తిరగాల్సిన చోట.

ఆ రోజు నూట పన్నెండు పళ్ళేలు సర్దాను. తిరిగి నడిచి వచ్చేసరికి పొద్దు వాలింది. బూట్లు విప్పితే మేజోళ్ళు మడమలకి అంటుకుపోయాయి. కుర్చీలో కూలబడ్డానో లేదో ఫోన్ మోగింది.

లోరైన్ కబుర్లన్నీ అడిగింది. పిల్ల బడి ఎలా ఉంది, ముసలమ్మ ఎలా చూసుకుంటోంది, వేడి నీళ్ళు సరిగ్గా వస్తున్నాయా. అన్నిటికీ బాగుందన్నాను, అవన్నీ నిజంగానే బాగున్నాయి. డెల్లా నేల మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది.

"మరి ఇవాళ బస్సు?" అని అడిగింది లోరైన్. "వచ్చిందా?"

డెల్లా పెన్సిలు చప్పుడు ఆగింది.

పొద్దున్న దానికి నేను చెప్పిన మాట నాకు గుర్తుంది. చెప్పి ఇంకా పన్నెండు గంటలు కాలేదు.

"వచ్చింది," అన్నాను. "గంటకొకటి."

"మంచు పడినా తిరుగుతుందా? కనుక్కున్నావా?"

"తిరుగుతుందట."

"పోనీలే, ఇక నాకు నిద్ర పడుతుంది," అంది లోరైన్, మనస్ఫూర్తిగా. ఫోన్ పెట్టేశాను.

డెల్లా పెన్సిలు కింద పెట్టింది. లేచి వెళ్ళి పంపు తిప్పింది. గోరువెచ్చటి నీళ్ళు బేసిన్‌లో పట్టి, ఒలకకుండా రెండు చేతులా మోసుకొచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది. మంచు పడడానికి ఇంకా రెండు నెలలుంది.